లుక్కా: కోటగోడ మీద సైకిల్ తొక్కే ఊరు

పీసా వాలు గోపురాన్ని చూడటానికి వెళ్ళే టూరిస్టుల్లో చాలామంది దాన్ని అరచేత్తో ఆపుతున్నట్లుగా ఫొటో దిగి, ఓ ఐస్‌క్రీమ్ తిని సాయంత్రానికల్లా ఫ్లారెన్స్‌కి వెళ్ళిపోతారు. అక్కడ నించి రైల్లో అరగంట ప్రయాణం చేస్తే లుక్కా అనే చిన్న ఊరు ఉందని వాళ్ళలో ఎక్కువమందికి తెలీదు. తెలిసినా టూర్ బస్సు వాళ్ళకోసం అక్కడ ఆగదు. లుక్కాలో ఒంగిన గోపురం లేదు. మైకెలాంజిలో శిల్పం లేదు. కాని ఇటలీలో మేం తిరిగిన ఊళ్ళలో మళ్ళీ వెళ్ళాలని మా ఆవిడ అన్నది ఈ ఒక్క ఊరికే. వెనిస్‌కి కూడా ఆ మాట అనలేదు.

ఫ్లారెన్స్ నించి అయితే రైల్లో దాదాపు గంటా ఇరవై నిమిషాలు పడుతుంది. స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా ఊరు కనపడదు, గోడ కనపడుతుంది. ఎర్ర ఇటుకల గోడ, దాని ముందు పచ్చగడ్డి మైదానం, గోడ పైన వరసగా పెద్ద పెద్ద చెట్లు. గోడ మీద చెట్లేమిటి అనుకుంటాం. అది ఇంటి ప్రహరీ లాంటి గోడ కాదు. దాని ఎత్తు 12 మీటర్లు, అడుగున వెడల్పు సుమారు 30 మీటర్లు. రెండు ఇటుక గోడల మధ్య మట్టి నింపిన పెద్ద కట్ట అనుకోండి. పైన రోడ్డంత వెడల్పున బాట ఉంది. ఆ బాట ఊరి చుట్టూ 4 కిలోమీటర్ల పైచిలుకు తిరిగి మొదలుపెట్టిన చోటికే వస్తుంది. కార్లని, మోటార్ సైకిళ్ళని పైకి రానీరు. నడిచేవాళ్ళు, పరుగెత్తేవాళ్ళు, సైకిళ్ళ వాళ్ళు, తోపుడు బండిలో పసిపిల్లల్ని తిప్పే అమ్మమ్మలు, కుక్కలు. అంతే.

గేటు దగ్గరున్న సైకిల్ షాపులో రెండు సైకిళ్ళు అద్దెకి తీసుకున్నాం. మా ఆవిడ సైకిల్ తొక్కి ముప్ఫై ఏళ్ళు దాటింది. మొదటి వంద గజాలు నన్ను తిట్టుకుంటూ తొక్కింది. ఆ తర్వాత నన్ను దాటి వెళ్ళిపోయింది. ఆగకుండా తొక్కితే అరగంటలో చుట్టు పూర్తవుతుంది. మాకు గంటన్నర పట్టింది. ఎందుకంటే ఓ పక్క ఊరి మిద్దెలు, ఆరేసిన బట్టలు, పెరటి తోటలు, చర్చి గంటల గోపురాలు. రెండో పక్క పొలాలు, దూరంగా కొండలు. ఆ కొండల్లో ఒకటి లుక్కాకి, పీసాకి మధ్య అడ్డంగా ఉంది. ఒక ఊరి మొహం ఇంకో ఊరికి కనపడకుండా దేవుడే అడ్డం పెట్టాడేమో అనిపిస్తుంది. ఆ రెండు ఊళ్ళకీ అంత వైరం.

ఇది లుక్కాకి మొదటి గోడ కాదు. రోమన్ల కాలంలో ఒకటి, మధ్య యుగాల్లో ఒకటి ఉండేవి. వాటి ముక్కలు ఊళ్ళో ఇప్పటికీ ఉన్నాయి. ఇప్పుడు మనం చూసేదాన్ని 16వ శతాబ్దంలో మొదలెట్టి 17వ శతాబ్దం మధ్యలో పూర్తిచేశారు. అంటే ఒక తాత మొదలెట్టిన పనిని ముని మనవడు పూర్తిచేశాడన్నమాట. అప్పటికి ఫిరంగులు వచ్చాయి. పాత సన్నటి ఎత్తు గోడలు ఫిరంగి గుండుకి పెంకుల్లా రాలిపోతున్నాయి. అందుకే పొట్టిగా, లావుగా, గుండుని మట్టిలోకి మింగేసుకునేలా దీన్ని కట్టారు. బయటికి పొడుచుకు వచ్చిన 11 బురుజులు ఉన్నాయి. ఏ బురుజు మీద నిలబడ్డా పక్క బురుజు అడుగు కనిపిస్తుంది. శత్రువు దాక్కోడానికి చోటు లేదు.

ఫ్లారెన్స్ మీద భయంతో కట్టిన ఈ గోడ మీదకి ఒక్క శత్రువు కూడా రాలేదు! ఒక్కసారీ ముట్టడి జరగలేదు. ఇంత ఖర్చు దండగ అనిపిస్తుంది కదా? 1812 నవంబర్లో ఊరికి ఉత్తరంగా పారే సెర్కియో నది పొంగింది. ఊరి జనం కోటగుమ్మాల తలుపులు మూసేసి వాటి సందుల్ని కట్టుదిట్టం చేశారు. చుట్టూ పొలాలన్నీ చెరువులయ్యాయి. ఊళ్ళోకి మాత్రం నీళ్ళు రాలేదు. అప్పుడు లుక్కాని ఏలుతున్నది నెపోలియన్ చెల్లెలు ఎలీజా. ఆమె ఆ రోజు ఊరి బయట ఉండిపోయిందట. తలుపు తెరిస్తే ఊరు మునుగుతుంది, తెరవకపోతే రాణిగారు మునుగుతారు. చివరికి తాళ్ళు, కప్పీలతో ఆమెని సామాను ఎత్తినట్లు గోడ మీంచి లోపలికి దించారని చెప్తారు. రాణీ వచ్చింది కదా అని తలుపులు తెరవని ఆ కాపలావాళ్ళంటే నాకు గౌరవం కలిగింది.

గోడ బయట ఉండిపోయిన పల్లెల వాళ్ళని ఎవరు ఏ తాళ్ళతో లాగారో మాత్రం ఏ గైడూ చెప్పడు.

1860ల్లో ఫ్లారెన్స్ ఇటలీకి రాజధాని అయినప్పుడు రోడ్లు వెడల్పు చేయడానికి అక్కడి పాత గోడల్ని చాలా వరకు పడగొట్టేశారు. యూరప్‌లో ఆ శతాబ్దంలో ఎన్నో ఊళ్ళు అదే పని చేశాయి. లుక్కా వాళ్ళు చేయలేదు. అంతకు ముందే దాన్ని పార్కుగా మార్చేసి అక్కడ షికారుకి అలవాటు పడ్డారు. అలవాటైన షికారుని ఎవరూ పడగొట్టుకోరు.

ఊళ్ళోకి దిగుదాం.

లుక్కా క్రీ.పూ. 180లో రోమన్ల వలస పట్టణం అయింది. క్రీ.పూ. 56లో జూలియస్ సీజర్, పాంపే, క్రాసస్ ఇక్కడే కలుసుకుని రోమ్ సామ్రాజ్యంలో ఎవరికి ఏది అని వాటాలు మాట్లాడుకున్నారు. ముగ్గురిలో ఒక్కరూ మంచం మీద పోలేదు. క్రాసస్ యుద్ధంలో పోయాడు, పాంపే ఈజిప్టు ఒడ్డున హత్యకి గురయ్యాడు. సీజర్ సంగతి మీకు తెలుసు.

రోమన్లు వేసిన నిలువు, అడ్డం వీధులే ఇప్పటికీ ఊరి వీధులు. వాళ్ళు గోడ బయట కట్టిన గుండ్రటి యాంఫీథియేటర్ చూడటానికి వెళ్తే మొదట అది కనపడదు. ఇళ్ళ మధ్య చిన్న కమాను కిందనించి లోపలికి వెళ్ళగానే కోడిగుడ్డు ఆకారంలో ఉన్న పెద్ద ఆవరణలో తేల్తాం. చుట్టూ పసుప్పచ్చ గోడల ఇళ్ళు, ఒకటి ఎత్తు, ఒకటి పొట్టి, అన్నీ వంపు తిరిగి ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. రోమన్ సామ్రాజ్యం పోయాక యాంఫీథియేటర్ పాలరాయిని చర్చిల వాళ్ళు పట్టుకుపోయారు. మిగిలిన గోడల మీద జనం ఇళ్ళు కట్టుకున్నారు. పాత గోడ వంపు తిరిగి ఉంది కాబట్టి ఇళ్ళూ వంపు తిరిగాయి. మధ్యలో కూడా ఇళ్ళు లేస్తే, 19వ శతాబ్దంలో నొత్తొలీనీ అనే ఆర్కిటెక్ట్ వాటిని తీసేసి సంత జరిగే చౌకు చేశాడు. అసలు రోమన్ల నేల మన కాళ్ళ కింద మూడు మీటర్ల లోతున ఉందిట. ఇళ్ళ వెనక వైపు వీధిలోకి వెళ్ళి చూస్తే గోడల్లో రోమన్ కమానులు, రాళ్ళు ఇప్పటికీ కనిపిస్తాయి. గ్లాడియేటర్లు చచ్చిన చోట ఇప్పుడు గొడుగుల కింద కూర్చుని కాఫీ తాగుతారు. అక్కడ కాఫీ ఖరీదు పక్క వీధి కన్నా ఎక్కువ. పక్క వీధిలో తాగి ఇక్కడికొచ్చి ఊరికే తిరగండి.

ఆ రోమన్ల ఫోరం ఉన్న చోట సాన్ మికేలె చర్చి ఉంది. దాని ముందు భాగం తెల్ల పాలరాయితో చెక్కిన కేకులా నాలుగు వరసల స్తంభాలతో పైకి లేస్తుంది. పక్కకి వెళ్ళి చూడండి, నవ్వొస్తుంది. ముందు గోడ ఆకాశంలోకి ఉంటుంది, వెనక చర్చి దానికి చాలా కిందనే ఆగిపోతుంది. చర్చి కప్పుని కూడా అంత ఎత్తు లేపుదామని ముందు గోడ కట్టాక డబ్బు అయిపోయింది. పై గోడ వెనక ఏమీ లేదు, గాలి తప్ప. సినిమా సెట్‌లా ఉంది అంది మా ఆవిడ. 19వ శతాబ్దంలో రిపేర్లు చేసినప్పుడు అరిగిపోయిన పాత తలకాయల స్థానంలో గారిబాల్డీ, కవూర్, డాంటే లాంటి వాళ్ళ తలకాయలు చెక్కి పెట్టారు. 13వ శతాబ్దపు స్తంభాల మధ్యనించి 19వ శతాబ్దపు రాజకీయ నాయకుడు తొంగి చూస్తాడు. బైనాక్యులర్స్ ఉంటే వెతకొచ్చు.

చర్చి పక్కన అదే చౌకులో ఓ విగ్రహం ఉంది. ఫొటోలు తీసుకునేవాళ్ళు దాని పీఠం మీద బ్యాగులు పెట్టుకుంటారు తప్ప అదెవరిదో చూడరు. అతని పేరు ఫ్రాంచెస్కో బుర్లమాక్కీ. అతని కథ చెప్పాలంటే లుక్కా కథ కొంచెం వెనకనించి చెప్పాలి.

మధ్య యుగాల్లో లుక్కా పట్టు యూరప్ అంతా ప్రసిద్ధి. రాజులు, పోప్‌లు ఇక్కడి జరీ పట్టునే కట్టేవారు. డబ్బుంటే దొంగలూ ఉంటారు కదా? 1314లో పీసా సైన్యం ఊరిని దోచుకుంది. నేత పనివాళ్ళు చాలామంది వెనిస్‌కి, ఫ్లారెన్స్‌కి వలస పోయి తమ విద్యని అక్కడ నేర్పారు. కాస్త్రుచ్చో అనే గొప్ప వీరుడు లుక్కాని కొన్నాళ్ళు గెలిపించాడు, ఫ్లారెన్స్‌ని కూడా వణికించాడు. మేకియవెల్లి ఇతని జీవిత చరిత్ర రాశాడు. 1328లో కాస్త్రుచ్చో జ్వరంతో పోయాక మొదలైంది అసలు అవమానం. జర్మన్ సైనికులు లుక్కాని ఆక్రమించి జెనోవా ఊరి ధనవంతుడికి అమ్మేశారు. అవును, ఊరిని అమ్మేశారు! ఆ తర్వాత బొహీమియా రాజు, పార్మా ప్రభువులు, వెరోనా ప్రభువు. వెరోనా ప్రభువు ఫ్లారెన్స్‌కి బేరం పెట్టాడు. ఫ్లారెన్స్ వాళ్ళు కొన్న సరుకుని ఇంటికి తెచ్చుకునేలోగా 1342లో పీసా దాన్ని ఎగరేసుకుపోయింది. సంతలో గేదెని కూడా అన్ని చేతులు మార్చరు.

1369లో నాలుగో చార్లెస్ చక్రవర్తి లుక్కాకి పీసా నించి విముక్తి ఇచ్చాడు. ఊరికే ఇవ్వలేదు, లుక్కా వ్యాపారస్తులు పెద్ద మొత్తం చెల్లించారు. తమ ఊరిని తామే కొనుక్కున్నారన్నమాట. అప్పటి నించి మధ్యలో ఒక్క ముప్ఫై ఏళ్ళు తప్ప, 1799లో నెపోలియన్ కాలపు ఫ్రెంచి సైన్యం వచ్చేదాకా లుక్కా స్వతంత్ర రిపబ్లిక్‌గానే ఉంది. పీసా, సియెనా లాంటి తన కన్నా బలమైన ఊళ్ళన్నీ ఒక్కోటీ ఫ్లారెన్స్ నోట్లోకి వెళ్తే ఈ చిన్న ఊరు వెళ్ళలేదు. పెద్దవాళ్ళతో తగువు పెట్టుకోలేదు. అడిగినవాళ్ళకి డబ్బిచ్చింది. గోడ కట్టుకుంది. ఊరి గుమ్మాల మీద 'లిబెర్తాస్' అంటే స్వేచ్ఛ అనే మాట చెక్కించుకుంది.

ఎవరి స్వేచ్ఛ? 1531లో పట్టు నేసే పనివాళ్ళు తిరగబడ్డారు. పట్టు వ్యాపారులు మగ్గాల సంఖ్య మీద ఆంక్షలు పెట్టి వాళ్ళ పొట్ట కొట్టారు. చినిగిన నల్లజెండా పట్టుకుని వీధుల్లోకి వచ్చిన వాళ్ళని చరిత్రలో 'స్త్రాచ్చోనీ' అంటారు. అంటే చింకిగుడ్డల వాళ్ళు. యూరప్ రాజులకి పట్టు నేసిన వాళ్ళ బిరుదు అది! దాదాపు ఏడాది పాటు సాగిన ఆ తిరుగుబాటుని 1532లో అణిచేశారు. తర్వాత 1556లో చేసిన చట్టంతో పరాయి ఊరి వాళ్ళ పిల్లలకి, పల్లెల వాళ్ళకి పదవులు లేకుండా చేశారు. తర్వాతి శతాబ్దానికి కొన్ని కుటుంబాల పేర్లు ఓ పుస్తకంలో రాసుకుని, ఊరిని ఏలేది వీళ్ళు మాత్రమే అనుకున్నారు. గుమ్మం మీద మాట మాత్రం అలాగే ఉంది.

బుర్లమాక్కీ ఆ పెద్ద కుటుంబాల మనిషే. 1546లో అతను లుక్కా అధ్యక్షుడి పదవిలో ఉన్నాడు. పీసాని, సియెనాని, టస్కనీలోని మిగతా ఊళ్ళని కలుపుకుని ఫ్లారెన్స్‌ని ఏలే కోసిమో మెడిచిని దింపేసి, స్వతంత్ర ఊళ్ళ సమాఖ్య కట్టాలని రహస్యంగా పథకం వేశాడు. అది ముందే బయటపడింది. కోసిమో వెనక ఐదో చార్లెస్ చక్రవర్తి ఉన్నాడు. లుక్కా పెద్దలకి ఊరా, మనిషా అన్న ప్రశ్న వచ్చింది. తమ అధ్యక్షుణ్ణి తామే బంధించి చక్రవర్తి మనుషులకి అప్పగించారు. 1548లో మిలాన్‌లో అతని తల నరికారు. మూడు వందల ఏళ్ళు అతని పేరు ఎవరూ ఎత్తలేదు. ఇటలీ ఒక్కటయ్యాక, అరె, ఈ మాట మూడు శతాబ్దాల క్రితమే అన్నవాడు మన ఊళ్ళో ఉన్నాడే అని 1863లో విగ్రహం పెట్టారు. మీరు వెళ్తే మాత్రం ఆ పీఠం మీద బ్యాగు పెట్టకండి.

సాన్ మార్తీనో ఊరికి పెద్ద చర్చి. ముందు వరండా మూడు కమానుల్లో కుడివైపుది మిగతా వాటికన్నా చిన్నది. పక్కన గంటల గోపురం ముందే ఉంది, చోటు చాలలేదు. పైన స్తంభాల్లో ఒకదానిలా ఇంకొకటి ఉండదు. మెలి తిరిగినవి, ముడి వేసినవి, పువ్వులవి, జంతువులవి. శిల్పులకి పోటీ పెట్టి, అందరూ నమూనా స్తంభాలు తెచ్చాక ఎవరికీ బహుమతి ఇవ్వకుండా అన్నిటినీ వాడేసుకున్నారని ఓ కథ. లుక్కా వాళ్ళ పిసినారితనం మీద టస్కనీలో జోకులు ఎక్కువ. ఇది అలాంటిదే అయ్యుంటుంది.

అదే వరండా గోడ మీద 1111 నాటి లాటిన్ శాసనం ఉంది. నాకు ఈ చర్చిలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఇంగ్లండ్, ఫ్రాన్స్‌ల నించి రోమ్‌కి నడిచి వెళ్ళే యాత్రికుల దారి లుక్కా మీదగా పోతుంది. చర్చి ముందు డబ్బు మార్చేవాళ్ళు, సుగంధ ద్రవ్యాలు అమ్మేవాళ్ళు బల్లలు వేసుకునేవారు. తాము దొంగతనం, మోసం, కల్తీ చేయమని వాళ్ళు ప్రమాణం చేసినట్లు ఆ శాసనం చెప్తుంది. యాత్రికుడు డబ్బు మార్చుకునే ముందు దాన్ని చదువుకుని ధైర్యం తెచ్చుకోవాలి. ఇలాంటి ప్రమాణం చేయించాల్సి వచ్చిందంటే అంతకు ముందు ఏం జరిగి ఉంటుందో ఊహించండి. పోతే, డాంటే తన డివైన్ కామెడీలో లుక్కా అధికారులని లంచగొండులుగా నరకంలో మరుగుతున్న తారులో పడేశాడు. ప్రమాణం అధికారుల చేత చేయించలేదు కదా!

వరండా స్తంభం మీద వేలితో తిప్పేంత సైజులో ఓ పద్మవ్యూహం చెక్కి ఉంది. ఎన్నో వందల ఏళ్ళు యాత్రికుల వేళ్ళు తగిలి దాని మధ్యభాగం నున్నగా అరిగిపోయింది.

లోపల వోల్తో సాంతో అనే పెద్ద చెక్క శిలువ విగ్రహం లుక్కాకి దైవం. అంటే పవిత్ర ముఖం. ఇందులో క్రీస్తు నిండుగా అంగీ తొడుక్కుని కళ్ళు తెరిచి చూస్తుంటాడు. క్రీస్తుని సమాధి చేసిన నికొదేము స్వయంగా చెక్కాడని, మనుషులు లేని పడవలో సముద్రం దాటి, తోలేవాళ్ళు లేని ఎద్దుబండిలో లుక్కా చేరిందని నమ్మకం. నిపుణులు ఇది 11, 12 శతాబ్దాల నాటిదని, అసలుది పోయాక చేసిన నకలని అనుకునేవారు. 2020లో కార్బన్ పరీక్షల ఫలితాలు వచ్చాయి. అది 8వ శతాబ్దం చివర్నించి 9వ శతాబ్దం మధ్య కాలంనాటిదని తేలింది. యూరప్‌లో మిగిలిన చెక్క శిల్పాల్లో అతి పాతవాటిలో ఇదొకటి. ఇంగ్లండ్‌ని ఏలిన రెండో విలియం ఒట్టు పెట్టుకోవాలంటే లుక్కా ముఖం మీద పెట్టుకునేవాడు. ఏటా సెప్టెంబర్ 13 రాత్రి ఊళ్ళో కరెంటు దీపాలు ఆర్పేసి, కిటికీలకి, చర్చిలకి వేలకొద్దీ చిన్న దీపాలు పెట్టి ఊరేగింపు తీస్తారు.

అదే చర్చిలో ఇలారియా ఉంది. 1400 నించి 1430 దాకా లుక్కాని ఏలిన పావొలో గ్వినీజీ భార్య. పెళ్ళయిన రెండేళ్ళకి, 1405లో రెండో కాన్పులో చనిపోయింది. అప్పుడు ఆమెకి 26 ఏళ్ళు. పావొలో యాకోపో దెల్లా క్వెర్చా అనే శిల్పి చేత పాలరాతి సమాధి చెక్కించాడు. ఎత్తు కాలరున్న గౌను వేసుకుని, రెండు దిళ్ళ మీద తల పెట్టి నిద్రపోతున్నట్లు ఉంటుంది. పాదాల దగ్గర చిన్న కుక్క తల ఎత్తి ఆమె మొహంకేసి చూస్తోంది, ఇంకా లేవలేదేమిటి అన్నట్లు. చూడటానికి వచ్చినవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడతారు, ఆమెకి మెలకువ వస్తుందేమోనని.

"ఎంత ప్రేమో! ఇలాంటి మొగుడు దొరకాలి." మా ఆవిడ గుసగుసగా చెప్పింది.

"అతను మొత్తం నాలుగు పెళ్ళిళ్ళు చేసుకున్నాడు." నేను గైడ్ పుస్తకం చూసి చెప్పాను.

"ఆ పుస్తకం మూసేయండి."

మూసేశాను. 1430లో పావొలోని గద్దె దింపి పావియా జైల్లో పెట్టారు, రెండేళ్ళకి అక్కడే పోయాడు. అతని మీది కోపం ఈ సమాధి మీద కూడా చూపించారు. దాని పలకలు విడదీసి చెల్లాచెదురు చేశారు. ఇలారియా కాబట్టి మిగిలింది. ఆ మొహం మీద సుత్తి వేయడానికి ఎవరికీ చేతులు రాలేదు కాబోలు.

పావొలో ఇంటి గోపురం ఎక్కొచ్చు. ఎత్తు 44 మీటర్లు, 230కి పైగా మెట్లు. ఒకప్పుడు ఈ ఊళ్ళో ఇలాంటి గోపురాలు వందకి పైగా ఉండేవి. పక్కింటివాడి కన్నా ఎత్తు కట్టడమే పెద్ద కుటుంబాలకి ప్రతిష్ఠ. గ్వినీజీలు అందరికన్నా తెలివైన పని చేశారు, గోపురం నెత్తి మీద చెట్లు నాటారు. పైన ఏడు ఓక్ చెట్లు ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకి చివరి ఇనుప నిచ్చెన లాంటి మెట్లు కష్టం. మా ఆవిడ రెండుసార్లు కూర్చుని లేచి ఎక్కింది. పైన చెట్ల నీడలో, ఎర్ర పెంకుటిళ్ళ మధ్యన గాలి తగులుతుంటే కిందికి దిగబుద్ధి కాలేదు. పక్కన ఇంకో గోపురానికి గడియారం ఉంది. లూచిదా మాన్సీ అనే అందగత్తె ముప్ఫై ఏళ్ళ యవ్వనం కోసం సైతానుకి ఆత్మని అమ్ముకుందిట. గడువు తీరే రాత్రి గంట కొట్టకుండా ఆపాలని ఈ గడియారం మెట్లన్నీ పరుగున ఎక్కింది కాని అందుకోలేక పోయింది. ఆ మెట్లు 207. యవ్వనంలో ఉన్నా ఆయాసం రాక తప్పదు.

సాన్ ఫ్రెదియానో చర్చికి ముఖాన బంగారు రంగు మొజాయిక్ ఉంది. ఆ సెయింట్ 6వ శతాబ్దంలో ఐర్లండ్ నించి వచ్చి ఈ ఊరికి బిషప్ అయ్యాడు. ఊరిని ముంచే సెర్కియో నదికి రైతులు మట్టి సాపు చేసే పళ్ళపారతో కొత్త దారి గీస్తే నది అతని వెంట బుద్ధిగా నడిచిందిట.

నేను ఆ చర్చికి వెళ్ళింది మాత్రం జీతా కోసం. అద్దాల పెట్టెలో, 1272లో చనిపోయిన ఓ స్త్రీ శరీరం ఎండిపోయి నల్లబడి, చిన్నగా, పువ్వుల కిరీటంతో ఉంది. ఆమె రాణి కాదు, సన్యాసిని కాదు. పనిమనిషి. పల్లెలో బీదింట్లో పుట్టి పన్నెండో ఏట ఫాతినెల్లీ అనే పట్టు వ్యాపారి ఇంట్లో పనికి చేరి, చచ్చిపోయేదాకా దాదాపు 48 ఏళ్ళు ఆ ఒక్క ఇంట్లోనే అంట్లు తోమింది, రొట్టెలు కాల్చింది. మొదట్లో యజమానులూ తిట్టారు, తోటి పనివాళ్ళూ ఏడిపించారు. ఓ రోజు కొంగులో రొట్టెలు దాచి బీదలకి పంచడానికి వెళ్తుంటే యజమాని ఆపి కొంగు విప్పమన్నాడు. విప్పితే పువ్వులున్నాయి. 1696లో చర్చి ఆమెని సెయింట్‌గా ప్రకటించింది. కాని ఊరి జనం అంతకు నాలుగు వందల ఏళ్ళ ముందు నించే ఆమెని మొక్కుతున్నారు. ఇప్పుడు ప్రపంచంలోని పనిమనుషులకి ఆమె రక్షక దేవత. ఏప్రిల్ 27న ఆమె పండక్కి యాంఫీథియేటర్ చౌకు, చర్చి చుట్టుపక్కల వీధులు పువ్వుల సంత అవుతాయి.

ఆమె శరీరం ఉన్న ఆ గది పేరు ఫాతినెల్లీల చాపెల్. నలభై ఎనిమిదేళ్ళు పని చేయించుకున్న వాళ్ళు, పోయాక కూడా ఆమెని తమ ఇంటి మనిషిగానే పెట్టుకున్నారు. ఈ కాలంలో ఫాతినెల్లీల పేరు ఎవరైనా తలుచుకుంటున్నారంటే అది అంట్లు తోమిన మనిషి వల్లే. మా ఆవిడ ఆ పెట్టె దగ్గర చాలాసేపు నిలబడింది. బయటికొచ్చాక ఇంటికి ఫోన్ చేసి, మేం లేకపోయినా మా పనమ్మాయికి నెల మొదట్లోనే జీతం ఇచ్చేయమని మా కోడలికి చెప్పింది.

ఒపెరా వినేవాళ్ళకి లుక్కా అంటే పుచ్చీని. ఐదు తరాల సంగీతకారుల ఇంట్లో 1858 డిసెంబర్ 22న ఇక్కడ పుట్టాడు. అతని తండ్రి పోయేసరికి పిల్లవాడికి ఆరేళ్ళు నిండలేదు. అయినా పెద్ద చర్చిలో ఆర్గన్ వాయించే ఉద్యోగం అతను పెద్దవాడయ్యేదాకా అట్టే పెట్టారు. కాని అతను 1876లో పీసాలో వెర్డీ రాసిన 'ఐదా' ఒపెరా చూడటానికి లుక్కా నించి నడిచి వెళ్ళాడు. ఆ రాత్రితో ఆర్గన్ ఉద్యోగం సంగతి తేలిపోయింది. 'లా బొహీమ్', 'తోస్కా', 'మదామ్ బటర్‌ఫ్లై' అతనివే. పుట్టిన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. అక్కడ 'తురందో' స్వరపరిచిన పియానో ఉంది. బయట చౌకులో కంచు పుచ్చీని కాలు మీద కాలు వేసుకుని కుర్చీలో కూర్చుని, చేతిలో సిగరెట్‌తో ఉన్నాడు. ఆ సిగరెట్లే అతన్ని చంపాయి. 1924లో గొంతు కేన్సర్‌తో బ్రస్సెల్స్‌లో పోయేసరికి 'తురందో' పూర్తికాలేదు. 1926లో మిలాన్‌లో మొదటి ప్రదర్శన రోజున, పుచ్చీని రాసినంత వరకు వాయించి కండక్టర్ టోస్కనీనీ కర్ర కింద పెట్టేశాడు.

ఇంకో విచిత్రం. ఊళ్ళో అతి పెద్ద చౌకు పేరు నెపోలియన్ చౌకు. ఎలీజా తన ప్యాలెస్ ముందున్న ఇళ్ళని, ఓ చర్చిని కూలగొట్టించి దీన్ని చేయించింది. మధ్యలో నిలబడ్డ విగ్రహం మాత్రం నెపోలియన్‌ది కాదు, అతను ఓడిపోయాక లుక్కాని పొందిన బూర్బన్ రాణి మరియా లూయిజాది. పేరు ఒకరిది, చోటు ఇంకొకరిది. ఊరికి మంచినీళ్ళు తెప్పించింది ఈవిడే. నొత్తొలీనీ కట్టిన నాలుగు వందలకి పైగా కమానుల కాలువ రైల్లోంచి కనిపిస్తుంది. ఆవిడ కొడుకు 1847లో లుక్కాని టస్కనీకి అప్పగించేసి చేతులు దులుపుకున్నాడు. ఫ్లారెన్స్ నోట్లో పడకూడదని నాలుగు వందల ఏళ్ళు కాపాడుకున్న ఊరు అది.

శాకాహారులకి తిండి ఇబ్బంది లేదు. శనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె కలిపి పెద్ద పళ్ళెంలో పొయ్యిలో కాల్చే చెచీనా పిజ్జా షాపుల్లో దొరుకుతుంది. మన శనగపిండి అట్టుకి పెదనాన్న కూతురు. పైన మిరియాల పొడి చల్లించుకోండి. తొర్దెల్లీ మాత్రం అడగకండి, అందులో మాంసం ఉంటుంది. కిస్మిస్, సోంపు వేసిన బుచ్చెల్లాతో అనే తీపి రొట్టె తినకపోతే లుక్కా వచ్చినట్లే కాదని అక్కడి సామెత. సాన్ మికేలె చౌకులో 1881 నించి ఉన్న తద్దెయూచ్చీ బేకరీలో కొన్నాం. టస్కనీలో మామూలు రొట్టెలో ఉప్పు వేయరు. అది వాళ్ళు మర్చిపోవడం కాదు, పద్ధతి.

చూడటానికి ఒక పగలు చాలు, కాని ఒక రాత్రి ఉండండి. సాయంత్రం రైలుకి టూరిస్టులు వెళ్ళిపోయాక ఊరివాళ్ళు గోడ మీదకి వస్తారు. అక్టోబర్ చివర, నవంబర్ మొదట్లో మాత్రం వెళ్ళకండి. 1966 నించి ఇక్కడ కామిక్స్ ఉత్సవం జరుగుతోంది. ఆ రోజుల్లో హోటల్ గది దొరకదు, దొరికినా వీధిలో స్పైడర్‌మేన్‌లని తోసుకుంటూ నడవాలి. ఇంకో మాట. ఇటలీలో మీరు ఏ బాత్రూమ్‌కి వెళ్ళినా కనిపించే టిష్యూ పేపర్లో ఎక్కువ భాగం తయారయ్యేది లుక్కా చుట్టుపక్కల మిల్లుల్లోనే. పట్టు పోయాక పేపరు అందుకున్నారు. నీళ్ళు వాడే మనకి దాంతో పనిలేదు కాబట్టి మిల్లులు చూడలేదు. ఉదయం 9 గంటల 40 నిమిషాల రైలుకి సియెనా బయలుదేరాం.